అందరూ లేచాక

“మళ్ల చూపిస్తున్నడు. చూడు వదినా, మళ్ల చూపిస్తున్నడు” అన్నాడు మహేష్.

గీతాంజలి చూడలేదు. చూడాల్సిన పని లేదు. టీవీలో వాళ్ల పార్టీ సభ్యులంతా కాగితాలు చింపి గాల్లోకి విసిరి, కండువాలు సర్దుకుంటూ తలుపు వైపు నడుస్తున్నారు. ఖాళీ అయిన బెంచీల నడుమ ఆకుపచ్చ చీర ఒక్కటి కదలకుండా ఉంది. ఆ చీర ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. అసెంబ్లీ నుంచి వచ్చి ఇంతసేపయినా కాళ్లు కడుక్కునే సందు ఎవరూ ఇవ్వలేదు.

వాకిలి నిండా చెప్పులు. ఎమ్మెల్యే ఇంటికి గొళ్లెం ఉండదు. పాలోళ్ల గల్లీ సగం లోపలే ఉంది, మిగతా సగం కిటికీ చువ్వలు పట్టుకుని ఉంది.

“అందరు లేస్తుంటే ఒక్కదానివే కూసుంటివి బిడ్డా” అంది పక్క కొట్టం కాశమ్మ. “కాళ్లు గిట్ల తిమ్మిరెక్కినయా?”

ఎవరో కిసుక్కున నవ్వబోయి బాలమ్మ మొహం చూసి ఆగిపోయారు.

బాలమ్మ చేతిలో పాల బకెట్ ఉంది. పిండే వేళ దాటిపోతోంది. కొట్టంలో బర్రెలు ఒకటి తర్వాత ఒకటి అరుస్తున్నాయి. అయినా ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. కోడలి వైపు చూడకుండా గోడ మీది మొగుడి ఫొటో వైపు తిరిగింది.

“ఇంటున్నవా? నీ కోడలు కూసున్నదట. ఊరంత చూసింది. నువ్వు భీ చూసినవా?”

ఫొటోలో పెంటయ్య మీసం మీద దండ పూలు రెండు రాలి ఆగాయి.

పెంటయ్య బతికున్నన్నాళ్లూ ధూల్‌పేట్ పాలోళ్ల బైఠక్ ఈ కొట్టం ముందే జరిగేది. అందులో చేతులెత్తడాలూ చీటీలెయ్యడాలూ ఉండవు. మాట నచ్చనివాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచిపోతాడు. ఇక ఆ మాట అక్కడే ఆగిపోవాలి. పెద్దమనుషులు వాడి ఇంటికి పోవాలి, చాయ్ తాగాలి, బతిమాలాలి, వెనక్కి తెచ్చుకుని కూర్చోబెట్టాలి. అప్పటిదాకా తీర్పు లేదు. మూసీ ఒడ్డున గడ్డివాముల జాగా అమ్మేద్దామని ఊరంతా ఒక్కటైననాడు పెంటయ్య ఒక్కడు లేచాడు. ఆ జాగా ఇప్పటికీ అమ్ముడుపోలేదు. లేచినోడి మాట ఆగుతుంది, కూసున్నోడు ఒప్పుకున్నట్టే. ఈ గల్లీలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన చట్టం అది.

ఆయన పోయిన ఏడాదే ఎన్నికలొచ్చాయి. టికెట్టు నాకంటే నాకని అన్నదమ్ములిద్దరూ మొహాలు తిప్పుకుంటే, పార్టీ పెద్ద బాబురావు వచ్చి డిగ్రీ చదివిన పెద్దకోడలి పేరు చెప్పి లొల్లి తెగగొట్టాడు. ఆమె ఏం మాట్లాడాలో మహేష్ చెబుతాడనీ, ఆమె అక్కడ నిలబడితే చాలనీ అందరూ అనుకున్నారు. ఆమె అక్కడ కూర్చుంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

“అత్తమ్మా, జర నా మాట ఇను” అంది గీతాంజలి. “అక్కడ లేస్తే ఆగదు.”

“అంతమంది లేస్తే ఆగదా?”

“ఎంతమంది లేస్తే అంత జల్ది అయితది. లేచిపోయినోళ్లు లేనోళ్ల కిందనే లెక్క. లోపట ఉన్నోళ్లు గట్టిగ అవునంటే అయిపాయె.”

“బతిమాలి తెచ్చుకోరా?”

“తెచ్చుకోరు. సంతోషపడ్తరు.”

కాశమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. “గదేం పంచాయితే! మా దాంట్ల గట్ల చేస్తే పెద్దమనిషికి మంచినీళ్లు గూడ పొయ్యరు.”

“వదిన మాటలు మస్తుగుంటయి” అన్నాడు మహేష్, టీవీ గొంతు తగ్గించి. “ఆ బిల్లు మన కొట్టాలను సిటీ బయటికి ఎల్లగొట్టే బిల్లు. దాని మీద మన పార్టీ లేచింది. మన ఇంటామె కూసున్నది. ఇగ నువ్వు చెప్పు, గల్లీకి నేనేం జవాబు చెప్పాలె?”

“నాలుగో క్లాజు సంగతి చెప్పు. నిన్ననే చెప్పిన గదా నీకు.”

“ఎవలకు సమజైతది నీ క్లాజు?”

“నాకు సమజయ్యేటట్టు చెప్పుమను” అంది బాలమ్మ, ఫొటోతోనే.

గీతాంజలి అత్తకు దగ్గరగా జరిగింది. 

“నోటీసిచ్చిన నెల రోజులల్ల కొట్టం ఖాళీ చెయ్యాలని ఆ క్లాజుల రాసిండ్రు. యాడికి పోవాల్నో రాయలె. ‘వేరే జాగ చూపించినంకనే’ అని ఒక్క మాట కలపమని నేను సవరణ ఇచ్చిన. నాలుగో క్లాజు వచ్చినప్పుడు స్పీకరు నా పేరు పిలుస్తడు. గప్పుడు నేను నా కుర్సీల ఉంటే సవరణ బతుకుతది. లేకుంటే పడిపోతది.”

“ఎవలు పడగొడ్తరు?”

“ఎవలు గాదు. దానంతటదే పడ్తది.”

గీతాంజలి టీవీ వైపు వేలు చూపించింది.

“ఇయ్యాలనే పిలుస్తరేమో అని కూసున్న. లొల్లితోని టైము అయిపోయిందని సభను రేపటికి వాయిదా వేసిండ్రు. రేపు పిలుస్తరు.” ఆమె మరిది వైపు తిరిగింది. “పోయినసారి మన పార్టీ రామ్‌చందర్ అన్నకేమైందో యాదికి లేదా? అందరితోని కలిసి వాకౌట్ చేసి, మీడియా పాయింట్ కాడ మైకుల ముందర మెడ నరాలు తెగేటట్టు అరిచిండు. లోపట ఆయన పేరు పిలిచిండ్రు. పలికే మనిషి లేడు. సవరణ పాయె.”

“టీవీల కనబడ్డడా లేదా?”

“కనబడ్డడు.”

“జనానికి గదే కావాలె” అన్నాడు మహేష్. జేబులోంచి ఫోను తీసి తల ఎత్తకుండా చదివాడు. “బాబురావు అన్న పంపిండు. ‘రేపు కూడా మన పక్షం వాకౌట్ చేస్తుంది. ఓటింగ్‌లో సభ్యులెవ్వరూ పాల్గొనరాదు. దీన్ని విప్‌గా భావించాలి.’ నీకు భీ వచ్చి ఉంటది.”

వచ్చింది. కారులోనే చూసింది.

“పాల్గొంటే ఏమైతది?”

అడిగింది గీతాంజలి మొగుడు అంజన్. పొద్దుటినుంచీ అతను నోరు తెరవడం అదే మొదలు. మోచేతుల దాకా అంటిన తవుడు కుడితితో తలుపు వారగా నిలబడి ఉన్నాడు.

“విప్ తప్పి ఓటేస్తే కుర్సీ పోతది” అన్నాడు మహేష్. “పార్టీ మాఫీ చేస్తే తప్ప.”

“పార్టీ అంటే బాబురావే గదా. నువ్వు అడిగితే చెయ్యడా?”

మహేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో అతని కార్పొరేటర్ టికెట్టు బాబురావు జేబులో ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. దాన్ని బయటికి అనకూడదనీ తెలుసు. అన్నవాడు అంజనే.

“కొట్టం పోయినంక నీ టికెట్టును గుంజకు కట్టేసి పాలు పిండుతవారా?”

“అన్నా, గలత్ మాటలు మాట్లాడకు! ఓట్లల్ల మనం ఎట్లనూ ఓడిపోతం. ఆ దిక్కు మస్తు మంది ఉన్నరు. ఓడిపోయేదానికి నిలబడి ఇజ్జత్ తీసుకునుడెందుకు? కుర్సీ పోగొట్టుకునుడెందుకు?”

“ఓడిపోని” అంది గీతాంజలి. “పేర్లతోని ఓడిపోని. మూజువాణి ఓటంటే గొంతులే గదా. ఎవలు అవునన్నరో ఎవలు కాదన్నరో రాసుకునే దిక్కు లేదు. ఆడ కాదని అరిచి, ఈడికొచ్చి ‘నీ కోసం మస్తు కొట్లాడిన అమ్మా’ అని చెప్పొచ్చు. డివిజన్ అడిగితే మాత్రం పేరు పేరునా రాస్తరు. పాలోళ్ల ఓట్లతోని గెలిచినోళ్లు ఆ దిక్కు ఎంతమంది లేరు? ఒక్కొక్కడు లేచి నిలబడి, ఈళ్ల కొట్టాలు తియ్యుండ్రి, జాగ ఇయ్యకుండ్రి అని రాయించుకోవాలె. చూద్దాం.”

“వాళ్ల సంగతి దేవుడెరుగు. ముందల నీ పేరు రాస్తరు” అన్నాడు మహేష్.

 అది నిజమే.

బాలమ్మ అప్పుడు ఫొటో వైపు నుంచి తిరిగింది. మూడేళ్ల కిందట ఈ కోడలికి నామినేషన్ వేళ కుంకుమ పెట్టిన చేత్తోనే బకెట్ మార్చి పట్టుకుంది.

“నాకు నీ క్లాజులు తెల్వయి, నీ విప్పులు తెల్వయి. ఒక్కటే అడుగుత. రేపు అందరు లేచినప్పుడు లేస్తవా, లేవవా?”

 వీధిలో పురానాపూల్ వైపు పోయే ఆటో ఒకటి హారన్ కొట్టి కొట్టి దారి చేసుకుంటోంది.

గీతాంజలి లేస్తాననలేదు. లేవననీ అనలేదు.

“తెలిసింది” అంది బాలమ్మ. “గట్లయితే నా కొట్టంల కాలు పెట్టకు.”

*

తెల్లవారుతుండగా గంగ అరుపుకు గీతాంజలికి మెలకువొచ్చింది.

గంగ ఆ కొట్టంలో పొగరుబోతు బర్రె. గీతాంజలి పొదుగు మీద చెయ్యి వేసి, మెడ కింద గీరుతూ ఏదో ఒకటి మాట్లాడితే తప్ప చేపదు. అసెంబ్లీ ఉన్న రోజుల్లో కూడా ఆమె ముందు గంగను పిండి, తర్వాత తలంటుకుని, ఆ తర్వాతే ఎమ్మెల్యే అవుతుంది. చీరకు పెండ వాసన వస్తోందని పక్క బెంచీ వాళ్లు అగరుబత్తి పెట్టె ఇచ్చిన రోజు కూడా ఉంది.

ఇవాళ కొట్టం గడప బయట నిలబడింది. లోపల బాలమ్మ పీట వేసుకుని గంగ పక్కన కూర్చుంది. బర్రె తోక విసిరింది. కాలు ఝాడించింది. బకెట్ దొర్లి గోడకు తగిలింది.

బాలమ్మ లేచి బకెట్ తెచ్చుకుని మళ్లీ కూర్చుంది. గడప వైపు చూడలేదు.

“లోపటికి రానా అత్తమ్మా?”

బర్రె చెవులు ఇటు తిరిగాయి. మనిషివి తిరగలేదు.

అంజన్ పల్లిచెక్క నానబెట్టిన తొట్టి మోసుకుంటూ వచ్చి పెళ్లాం పక్కన దించాడు.

“మీరేమంటరు?” అంది గీతాంజలి, మెల్లగా. “రాత్రి గూడ ఏం చెప్పలె.”

“నేనేం చెప్పాలె? లేస్తే అమ్మ మాట్లాడుతది, తమ్ముడు టికెట్టు తెచ్చుకుంటడు. లేవకుంటే నీ కుర్సీ పోవచ్చు.” తొట్టిలో చెయ్యి పెట్టి చెక్క నలుపుతూ ఆగాడు. “నాయిన లేచినప్పుడు వెనక నుంచి పిలిచెటోళ్లుండిరి, అందుకే లేచిండు. పిలిచెటోడు లేని కాడ లేస్తుండెనా అని రాత్రంత ఆలోచించిన.”

“తెలిసిందా?”

“తెల్వలె. నాయిన పొద్దుగాల్నే లేచెటోడు గనీ ఇసోంటియి చెప్పెటోడు కాదు.”

నవ్వు రాబోయింది ఇద్దరికీ. లోపల బకెట్ మళ్లీ దొర్లింది.

*

అసెంబ్లీ లాబీలో కైలాసం ఎదురొచ్చాడు. చార్మినార్ దగ్గర ఆయన కోవా దుకాణానికి ఇరవై కొట్టాల పాలు పోతాయి. పాలక పక్షం సభ్యుడు. గీతాంజలిని చూడగానే చుట్టూ ఒకసారి కలియజూసి స్తంభం చాటుకు పిలిచాడు.

“చెల్లెమ్మా, నీ సవరణ చదివిన. బరాబర్ ఉంది. కొట్టాలు పోతే నాకు పాలు యాడికెళ్లి వస్తయి? కోవా సిమెంటుతోని చేస్తనా?”

“అయితే మీరు అవునంటరు గదా సేట్?”

“అనను. మాకు భీ విప్ ఉంది. కానీ మూజువాణి ఓటు వచ్చినప్పుడు ‘కాదు’ అని జర గొంతు తగ్గించి అంట. నా వెనక ఇద్దరు ముగ్గురు భీ తగ్గిస్తరు. మంత్రికి సమజైతది, అరుపులో పస లేదని.”

“డివిజన్ అడిగితే?”

కైలాసం మొహంలో తీపి అంతా విరిగిపోయింది.

“అడగకు. నీకు దండం పెడ్త. పేర్లు రాసిండ్రంటే నేను గట్టిగ ‘కాదు’ అనే దిక్కే నిలబడాలె. రేపు మీ అత్త నా దుకాణం ముందల పెండ కుప్ప పోస్తది.”

“పోస్తది” అంది గీతాంజలి. “అందుకే అడుగుత.”

అతను రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

సభలో బాబురావు తన సీట్లో ఉన్నాడు. ఆమె సీటు ఆయన పక్కదే. సగం తెల్లబడిన మీసం, మడత నలగని ఖద్దరు. ఆమె కూర్చోగానే ఎదురుగా చూస్తూనే అన్నాడు.

“నిన్నటిది మాఫీ. మొదటిసారి గెలిచిన మనిషివి, తెల్వక కూసున్నవ్ అనుకున్న. ఇయ్యాల తెలిసి కూసుంటే వేరే లెక్క.”

“అన్నా, బిల్లు మీద నన్నొక్క మాట మాట్లాడనియ్యలె మీరు.”

“పార్టీకి ఇచ్చిందే కొంచెం టైము. దాంట్ల నేను మాట్లాడాలె గదా!”

“ఆ టైము మీది. సవరణ ఇచ్చినోళ్ల నిమిషాలు సవరణ ఇచ్చినోళ్లవే. అవి నావి. నన్ను కూసోనియ్యిండ్రి.”

“ఆ రెండు నిమిషాలకు కుర్సీ పోగొట్టుకుంటవా? మన ఇరవై మందిల ఒక్కదానివి ఆగిపోతే, రేపు పేపరోళ్లు పార్టీ చీలిందని రాస్తరు. కొట్టాల సంగతి ఎవడూ రాయడు. నాకు తెల్వదా ఈ తమాషా?”

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ పరేషాన్ చేసింది. ముప్పై ఏళ్లుగా ఓడే పక్షంలో ఉన్నా, గెలిచే పక్షంలో ఉన్నా ఈ సభలో కాలు జారని మనిషి.

ఒకటో క్లాజు, రెండో క్లాజు, మూడో క్లాజు. ‘అనుకూలమైనవారు అవును అనండి, వ్యతిరేకమైనవారు కాదు అనండి, ఆమోదించడమైనది.’ పల్లికాయ ఒలిచినంత సులువుగా పోతున్నాయి. పక్షాలన్నీ కూర్చుని ఈ బిల్లుకు ఇంత వేళ అని ముందే ఒప్పుకున్నాయి. ఆ వేళ అయిపోతోందని స్పీకర్ గడియారం చూస్తున్నాడు.

నాలుగో క్లాజు అనబోతుండగా బాబురావు లేచాడు.

“అధ్యక్షా, ఇంత పెద్ద బిల్లును ఇంత హడావుడిగా, ప్రతిపక్షం గొంతు నొక్కి ఆమోదింపజేసుకోవడాన్ని నిరసిస్తూ మా పక్షం వాకౌట్ చేస్తోంది!”

వెనక బెంచీలు గరగరలాడాయి. కండువాలు లేచాయి. ఎవరి చెయ్యో ఆమె భుజం తట్టింది, లెమ్మని. ఎవరి చెయ్యో మళ్లీ తట్టింది. రామ్‌చందర్ మాత్రం ఆమె పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, తల వంచుకుని పోయాడు.

“లే చెల్లె” అన్నాడు బాబురావు.

గీతాంజలి రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. కాశమ్మ అన్నట్టే అయ్యింది. ఇప్పుడు నిజంగానే కాళ్లు తిమ్మిరెక్కాయి.

తలుపు ఊగి ఊగి ఆగింది. నిన్నటిలాగే చుట్టూ ఖాళీ బెంచీలు. నిన్నటిలాగే కెమెరా ఆమె మీదికి తిరిగి ఉంటుంది.

“నాలుగో క్లాజు. సవరణ, శ్రీమతి గీతాంజలి” అన్నాడు స్పీకర్. ఆ పేరు చదివి, జవాబు రాదనుకుని, చేతిలోని కాగితం తిప్పబోయాడు.

“ప్రతిపాదిస్తున్నాను అధ్యక్షా.”

కాగితం సగంలో ఆగింది.

ఆమె రాసుకొచ్చిన మాటల్లో ముందు రెండు వాక్యాలు బాగానే పలికింది. మూడో వాక్యంలో ‘ప్రత్యామ్నాయ’ దగ్గర నాలుక మడతపడింది. కాగితం పక్కన పెట్టేసింది.

“అధ్యక్షా, బర్రెకు నోటీసు చదవరాదు. పొద్దుగూకితే అది దాని గుంజ కాడికే వస్తది. గుంజ లేకుంటే రోడ్డు మీద నిలబడ్తది. ఆ రోడ్డు మీదనే తమ కార్లు పోవాలె.”

పాలక పక్షం బెంచీల్లో నవ్వులు. ఎవరో బల్ల చరిచారు.

“నవ్వుండ్రి. మేం సిటీల ఉంటమని మొండికేస్తలేం. జాగ చూపిస్తే పోతం. చూపించినంకనే లెమ్మని అంటున్నం. గా ఒక్క మాట రాయనీకి సర్కారుకు ఫికరెందుకు?”

నవ్వు పలచబడింది. మంత్రి లేచాడు. సభ్యురాలి ఆవేదన తాము అర్థం చేసుకోగలమన్నాడు. ప్రభుత్వానికి సానుభూతి ఉందన్నాడు. రేపు నిబంధనలు రూపొందించేటప్పుడు తప్పకుండా పరిశీలిస్తామన్నాడు. సవరణ ఉపసంహరించుకోవలసిందిగా కోరాడు.

“మంత్రిగారు హామీ ఇచ్చారు కదమ్మా” అన్నాడు స్పీకర్, మెత్తగా. “ఉపసంహరించుకుంటారా?”

మంచి దారి అది. పూలు చల్లి పరిచిన దారి. ఓటు లేకుండా, విప్ తప్పకుండా, మంత్రి నోట హామీ తీసుకుని ఇంటికి పోవచ్చు. కుర్చీ మిగులుతుంది, మహేష్ టికెట్టూ మిగులుతుంది. మంత్రి ‘పరిశీలిస్తాం’ అన్న మాట గల్లీలో పండగలా చెప్పుకోవచ్చు.

నోటీసు వచ్చిన రోజు ఆ మాటను ఏ గుంజకు కట్టాలి?

“రేపు రాసేది ఇయ్యాల రాయనీకి అడ్డమేంది అధ్యక్షా? నేను వాపస్ తీసుకోను.”

స్పీకర్ నిట్టూర్చి సవరణను సభ ముందు పెట్టాడు. అనుకూలమైనవారు అవును అనండి. ఆమె గొంతు ఒక్కటే లేచింది, ఎండాకాలం బావిలో చేద పడినట్టు. వ్యతిరేకమైనవారు కాదు అనండి. ఎదుటి బెంచీలు ఒక్కపెట్టున ఉరిమాయి. కైలాసం పెదాలు కదిలాయి. గొంతు తగ్గించాడో లేదో ఆ ఉరుములో ఎవరికీ వినపడే వీలు లేదు.

“‘కాదు’ అన్నవారిదే ఆధిక్యమని భావిస్తున్నాను” అన్నాడు స్పీకర్.

ఆ మాటకూ తర్వాతి మాటకూ మధ్యే సందు. ఆయన దాన్ని మళ్లీ అన్నాడంటే తీర్పే.

“డివిజన్ అడుగుతున్న అధ్యక్షా!”

 కైలాసం కళ్లు మూసుకున్నాడు.

“మీరొక్కరే ఉన్నారు కదమ్మా. లెక్క కళ్లకు కనబడుతూనే ఉంది.”

“నాది కనబడ్తది అధ్యక్షా. వాళ్లవి రాయాలె.”

స్పీకర్ కింద బల్ల దగ్గర కూర్చున్న సభ కార్యదర్శి వైపు వంగాడు. కార్యదర్శి పుస్తకం తెరవకుండానే తల ఊపాడు.

“గంట మోగించండి.”

మోగింది. లాబీల్లో, క్యాంటీన్‌లో, మెట్ల మీద మోగింది. నోట్లో సమోసా ముక్కతో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. పాలక పక్షం విప్ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చేత్తో లోపలికి తోస్తున్నాడు. గంట ఆగాక తలుపులు మూస్తారు. ఆ తర్వాత బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు, లెక్క తేలేదాకా. అంతమందిలోనూ ఆమె పక్షం మనిషి ఒక్కడూ రాలేదు.

ఒక్కడు వచ్చాడు. ఖద్దరు మడత నలిగి ఉంది. మెట్ల మీద పరుగెత్తాడేమో రొప్పుతున్నాడు.

“నీకు దిమాఖ్ ఉందా?” అన్నాడు బాబురావు, ఆమె బల్ల మీదికి వంగి. “హామీ ఇచ్చిండు గదా! తీసుకుని కూసోవాల్సింది. ఇప్పుడు పేర్లు రాస్తరు. నడువ్ బయటికి. ఇంక తలుపు తెరిచే ఉంది.”

“నేను రాను అన్నా.”

“మహేష్ సంగతి యాదుంచుకో. నీ కుర్సీ సంగతి యాదుంచుకో. నువ్వు ఓటేసిన సాయంత్రమే స్పీకర్‌కు నీ మీద నేను రాసియ్యాలె. రాయకుంటే మిగిలినోళ్లు నన్ను తింటరు. నాకు ఇష్టమై చెప్తున్ననా? లే!”

“కూసోనియ్యిండ్రి అన్నా, మీకు దండం...”

గంట ఆగింది.

బాబురావు గిర్రున తిరిగాడు. నాలుగు అంగలు వేశాడు. మార్షల్ అప్పటికే రెండు రెక్కలూ దగ్గరికి లాగి, గొళ్లెం వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. గద్దించలేదు, నవ్వనూ లేదు. తల అడ్డంగా ఊపాడంతే.

ముప్పై ఏళ్ల మనిషి. గంట ఎంతసేపు మోగుతుందో నిద్రలో అడిగినా చెప్పగలడు. ఒక ఆడమనిషిని బయటికి తీసుకుపోయే తొందరలో అదే మరచిపోయాడు.

“బాబురావుగారూ, దయచేసి మీ స్థానంలోకి వెళ్లండి” అన్నాడు స్పీకర్.

ఆయన వచ్చి తన కుర్చీ ముందు నిలబడ్డాడు. గీతాంజలి పక్కనే.

“సవరణకు అనుకూలమైనవారు తమ స్థానాల్లో లేచి నిలబడండి.”

గీతాంజలి లేచింది.  కాగితం, పెన్ను పట్టుకున్న ఉద్యోగి నడవలోంచి వచ్చి మొదటి వరుస దగ్గర ఆగాడు. ఆమె పేరు రాసుకున్నాడు. తర్వాత తల ఎత్తి, ఇంకా కూర్చోకుండా నిలబడే ఉన్న బాబురావు వైపు చూశాడు.

“తమరిని అనుకూలంలో రాయమంటారా సార్?”

బాబురావు కెమెరా వైపు చూశాడు. కూర్చుంటే ఆ కూర్చోవడం టీవీలో కనబడుతుంది. ఆయన గెలిచే చోటా కొట్టాలున్నాయి, ఓట్లున్నాయి. ఆయన పెదాలు కదలకుండా పక్కకు అన్నాడు.

“నేను మాఫీ చేస్తేనే నీ కుర్సీ ఉంటది. యాదుంచుకో.”

“యాదుంది అన్నా” అంది గీతాంజలి, ఎదురుగా చూస్తూ. “మీరు భీ నా పక్కన నిలబడ్డరనుకో, గప్పుడు మిమ్మల్నెవలు మాఫీ చెయ్యాలె?”

ఉద్యోగి పెన్ను కాగితం మీద ఆనించి ఆగాడు.

“సార్, చెప్పాలి” అన్నాడు.